చదవకుండా మడిచిన పూలు

వుల్ఫ్రానో బతికున్నన్నాళ్ళూ పుస్తకం ముట్టుకున్న పాపాన పోలేదు. మాంసం కొట్టు పెట్టుకుని నలభై ఏళ్ళు పందుల్ని, మేకల్ని కోశాడు. మాంసం చుట్టి ఇవ్వడానికి తప్ప కాగితంతో ఆయనకు పని పడలేదు. అలాంటి మనిషి, పోయిన ఆరేళ్ళకి, చనిపోయినవాళ్ళ పండుగ మర్నాడు మధ్యాహ్నం, భార్య హెర్లిందా భోంచేసి నడుం వాల్చగానే కలలోకి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడట.

"ఇంతకీ ఆవిడ ఆ చాక్లెట్ తాగిందా, లేదా?" అని అడిగాడట.

మా ఊళ్ళో చనిపోయినవాళ్ళు మధ్యాహ్నం పూటే వస్తారు. రాత్రిళ్ళు వాళ్ళ పనులు వాళ్ళకుంటాయి.

హెర్లిందాకి విషయం బోధపడలేదు. పాపం, నోరు ఎండిపోయి అడుగుతున్నాడు కాబోలు అనుకుంది. దాల్చినచెక్క వేసి చిక్కగా చాక్లెట్ కాచి, ముంతలో పోసి, సమాధి మీద పెట్టి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి అగ్గిమీద గుగ్గిలమే.

"నాకు చాక్లెట్ కావాలని ఎవరన్నారే? ఆవిడ తాగిందా లేదా అని కదా అడుగుతున్నాను! అందులో విషం ఉందే తల్లీ!"

హెర్లిందా జుట్టు కూడా ముడేసుకోకుండా మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ఎందుకంటే ఆ సమాధి మీద దండ నేను చేసింది. ఆ చాక్లెట్ కూడా ఆ దండలోంచే వచ్చింది.

నా పేరు క్రిసాంతా. మాది కొండమీది ఊరు. అక్టోబరు సగం దాటేసరికి మంచు దిగి బంతిపూలన్నిటినీ మాడ్చేస్తుంది. కింద పల్లంలో జనం బండ్లకొద్దీ బంతిపూలు సమాధుల మీద గుమ్మరించుకుంటుంటే మాకు మిగిలేవి ఎండు మొదళ్ళు. అందుకని మా ఊరివాళ్ళు తాతల కాలం నుంచీ కాగితప్పూలే పెడతారు. ప్యూబ్లా పట్నం నుంచి పాత పుస్తకాల మూటలు బస్సు టాపు మీద వస్తాయి. కుట్లు విప్పి, కాగితాన్ని విసనకర్రలా మడతలు పెట్టి, నడుమున తీగ చుట్టి, ఒక్కో పొరా విప్పితే పువ్వవుతుంది. దాన్ని కరిగించిన మైనంలో ముంచి తీస్తే, మంచు పడినా క్రిస్మస్ దాకా చెక్కుచెదరదు. పది పూలని వెదురు చట్రానికి గుండ్రంగా కడితే ఒక దండ. మైనం తగిలితే అక్షరాలు చెరిగిపోవు, ఇంకా నల్లగా తేలతాయి. ఇది గుర్తుంచుకోండి, మా కొంప ముంచింది అదే.

ఈ పనికి మా ఊళ్ళో ఒక నియమం ఉంది. గట్టిగా చదివి వినిపించకుండా ఏ కాగితాన్నీ మడవకూడదు. అందులో మాటలన్నీ బయటికి పోయి, నలుగురి చెవుల్లో పడ్డాక, మిగిలిన ఖాళీ కాగితమే చనిపోయినవాళ్ళకి పెట్టాలి. అందుకే మా పనిశాలలో మడిచేవాళ్ళం ఆరుగురం కింద చాప మీద కూర్చుంటే, చదివే మనిషి గోడవార ఎత్తు కుర్చీలో కూర్చుంటుంది. ఇరవై ఆరేళ్ళు ఆ కుర్చీ మా అక్క ఒతీలియాది.

మా అక్క చదివితే దొంగకి దొంగ గొంతు, దొరసానికి దొరసాని గొంతు. గుర్రం వస్తే గుర్రం కూడా వచ్చేది. ఒక్కటే జబ్బు ఆవిడకి, ఎదుటివాళ్ళు కథ తప్పు చెబితే ఓర్చుకోలేదు. నేను పక్కింటావిడతో నిన్న విన్న కథ చెబుతుంటే, వంటింట్లోంచి గరిటెతో సహా ఊడిపడి, "వాడు పారిపోయింది కిటికీలోంచి కాదే, పొగగొట్టంలోంచి" అనేది. ఒకసారి చర్చిలో పాదిరీగారు, నోవా తన ఓడలోంచి ముందు పావురాన్ని వదిలాడని చెబితే, నిండు సభలో లేచి నిలబడి, "ముందు కాకి, ఫాదర్" అంది. ఆయన ఆ ఏడాదంతా మా ఇంటి ముందునుంచి నడవలేదు.

మొన్న మార్చిలో ఊపిరితిత్తులకి నెమ్ము చేసి పోయింది. ఆఖరి రోజున నేను డాక్టరుతో, "గురువారం నుంచి జ్వరమండీ" అంటున్నాను. రెండు రోజులుగా కళ్ళు తెరవని మనిషి తెరిచి, "బుధవారం" అంది. అదే ఆవిడ ఆఖరి మాట. నాతో వేరే ఏమీ చెప్పలేదు.

అక్టోబరులో పని మొదలుపెట్టే రోజు వచ్చింది. ఆరుగురం కూర్చున్నాం, కుర్చీ ఖాళీగా ఉంది. మాలో అందరికన్నా చిన్నది నికనోరా గొంతు సవరించుకుని, "నేను చదవనా అక్కా?" అంది. నాకు ఒళ్ళు మండింది.

"ఆ కుర్చీలో ఎవరైనా కూర్చున్నారో, కాళ్ళు విరగ్గొడతాను. చదవడం లేదు, గిదవడం లేదు. మడవండి."

"చదవకుండానా? మరి కాగితంలో మాటలు ఉండిపోతాయి కదక్కా."

"ఉండనీ. మాటలు కరుస్తాయా?"

కరిచాయి. ఆ ఏడాది మూటలో పైనున్న మొదటి పుస్తకాన్ని, ఏ పుస్తకమో కూడా చూడకుండా, ఒక్క ముక్క చదవకుండా, మొదటినుంచి చివరిదాకా మడిచి, మైనంలో ముంచి, దండలు కట్టేశాం. అంచేత ఊరి శ్మశానంలో నాలుగో వంతు మందికి ఒక నవల తలా ఒక ముక్క చొప్పున పంపిణీ అయింది. చనిపోయినవాళ్ళకి చేతినిండా తీరిక కదా. చదివేశారు.

ఈ సంగతి మాకు మెల్లమెల్లగా తెలిసింది. హెర్లిందా వచ్చి నా గుమ్మంలో కూలబడి, వదినా అన్నట్టు వరస పెట్టి, "కోమాద్రె, మా ఆయనకి నువ్వేం దండ వేశావే, చచ్చినా మనశ్శాంతి లేదు ఆయనకి" అని ఏడుస్తుంటే, నికనోరా పాలిపోయిన మొహంతో వచ్చింది. వాళ్ళ అమ్మమ్మ కూడా కలలోకి వచ్చిందట. ఆవిడకి చాక్లెట్ గొడవ తెలియదు. "తెర వెనకాల నిలబడ్డవాడి బూట్లు ఎవరివే?" అని అడిగిందట.

సాయంత్రానికి మరో నలుగురు వచ్చారు. ఒకావిడ మామగారు, అసలా వితంతువుకి ఆస్తి ఎంత అని అడిగాడు. ఒకాయన కవల తమ్ముళ్ళు ఒకే కలలో వచ్చి, డాక్టరు మంచివాడని ఒకడు, వాడే దొంగని ఒకడు కొట్టుకున్నారు. అన్నీ కలిపి చూసుకుంటే కథ ఇంతవరకు తేలింది: డబ్బున్న వితంతువు ఒకతి, ఆవిడని పెళ్ళాడాలని చూసేవాళ్ళు ముగ్గురు, ఒక నోటరీ, ఒక డాక్టరు, ఒక ఓడ కెప్టెను. ముగ్గురిలో ఎవడో ఆవిడ చాక్లెట్లో విషం కలిపాడు. ఎవడు కలిపాడో, ఆవిడ తాగిందో లేదో, మా శ్మశానంలో ఒక్కరికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే కాటికాపరి ఫిదెన్సియో టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"దోన్యా క్రిసాంతా, మీతో ఒక మాట. దండల్లో పూలు తారుమారవుతున్నాయండీ. నిన్న వుల్ఫ్రానోగారి దగ్గరున్న పువ్వు ఇవాళ స్కూలు టీచరమ్మ దగ్గరుంది. నేను తాగలేదు. ఆదివారం తప్ప నేను తాగనని మీకు తెలుసు."

"అంటే? ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు అడిగి తెచ్చుకుంటున్నారా?"

"అడిగి తెచ్చుకుంటే బావుండును. బర్రగాన్ వాళ్ళ ముసలాయన పక్క సమాధి మీంచి కొట్టేసినట్టున్నారండీ. రెండు దండలూ చిరిగాయి."

ఊరంతా నామీద పడింది. దారిలో కనబడితే చాలు, మీ పూల వల్ల మా నాన్న నిద్రపోనివ్వడం లేదు, మా అత్త పెట్టే పోరు బతికున్నప్పటికంటే ఎక్కువైంది, అని. నేను పైకి నోరు పారేసుకుంటూనే ఉన్నాను గానీ, ఉన్నమాట చెప్పుకోవాలి, లోపల నాకు కుళ్ళు. పచ్చి కుళ్ళు. పుస్తకం ముట్టని వుల్ఫ్రానో భార్య దగ్గరికి రోజూ వస్తున్నాడు. నికనోరా వాళ్ళ చెవిటి అమ్మమ్మ వస్తోంది. ఊళ్ళో ప్రతి అడ్డమైనవాడూ వస్తున్నాడు. మా అక్క మాత్రం ఈ ఏడు నెలల్లో ఒక్కసారంటే ఒక్కసారి రాలేదు.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. కలలు బాగా పడతాయని కడుపునిండా చిక్కుడుగింజలు తిని పడుకున్నాను. అక్క మంచం మీద, అక్క శాలువ కప్పుకుని పడుకున్నాను. తలుపు తీసి పడుకున్నాను. ఒక మధ్యాహ్నం రెండుసార్లు పడుకున్నాను. ఒకసారి మేక కలలోకి వచ్చింది. ఎవరి మేకో కూడా తెలియదు.

ఆ వారం మధ్యలో ఆడవాళ్ళంతా గుంపుగా వచ్చి మా వాకిట్లో నిలబడ్డారు. ముందు హెర్లిందా.

"చదివి వినిపించు కోమాద్రె. మొదటినుంచి చివరిదాకా, శ్మశానంలో, గట్టిగా. నువ్వే చెడగొట్టావు, నువ్వే బాగుచెయ్యాలి."

"చదవడం అక్క పని. ఆ కుర్చీలో నేను కూర్చోను."

"కుర్చీ ఎవరడిగారక్కా?" అంది నికనోరా. "నిలబడే చదువు. సమాధుల దగ్గర కూర్చోడానికి చోటెక్కడ?"

నేను తలుపు వేసేసుకున్నాను. లోపల కూర్చున్నాక ఆలోచన వచ్చింది. చివరి పేజీలున్న దండ నా చేత్తో నేనే అక్కకి కట్టాను. అక్క దగ్గర్నించి పువ్వు కొట్టేసే ధైర్యం చనిపోయినవాళ్ళకి కూడా లేదు. అంటే మొదలు తెలియకుండా చివర ఒక్కటే అక్క చేతికి చిక్కింది. కథ సగంలో పట్టుకోవడమంటే చచ్చేంత కోపం ఆవిడకి. నియమం తప్పానని నామీద అలిగి కూర్చుంది, అందుకే రావడం లేదు. మొదటినుంచీ చదివి వినిపిస్తే అలక తీరుతుంది, వస్తుంది. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. తలుపు తీసి, ఊరిమీద జాలిపడ్డట్టు మొహం పెట్టి, "సరే, తగలడండి, చదువుతాను" అన్నాను.

చదవాలంటే పువ్వు విప్పాలి. చల్లగా ఉన్నప్పుడు విప్పితే మైనం పెళుసెక్కి కాగితం పగులుతుంది. అందుకని ఎండ నడినెత్తికి వచ్చాకే మొదలుపెట్టాం. ఊరు ఊరంతా వచ్చింది. గొడుగులు, పీటలు, తినడానికి మొక్కజొన్న తమాలెల గంపలు. పేజీల అంకెలు రేకుల అంచుల్లో కనబడుతున్నాయి గానీ వరసగా లేవు. చనిపోయినవాళ్ళు ఎక్కడివక్కడ ఉంచలేదుగా. ఫిదెన్సియో గోడెక్కి నిలబడి అరిచేవాడు.

"పదిహేడో పేజీ ఎవరి దగ్గరుందయ్యా?"

"మా మామగారి దగ్గర!"

"పంతొమ్మిది?"

"ఇక్కడ, ఇక్కడ! మా పెద్దమ్మ దగ్గర! మెల్లగా రండి, మొక్కలు తొక్కకండి!"

నేను పువ్వు పట్టుకుని, ఎండకి మెత్తబడ్డ రేకులు ఒక్కొక్కటే విప్పి, రెండు వైపులా చదివి, మళ్ళీ మడిచి తీగ చుట్టేదాన్ని. పక్క సమాధికి పరుగు. నా వెనకాల ఊరంతా పరుగు. అక్కలా గొంతులు పెట్టడం నాకు చేతకాదు. నోటరీ, డాక్టరు, కెప్టెను ముగ్గురూ నా గొంతుతోనే ప్రేమించారు. వితంతువు చాక్లెట్ గిన్నె ఎత్తిన చోట హెర్లిందా, "విన్నావా, ఇంకా తాగలేదట, కంగారు పడకు" అని సమాధి మీద చేత్తో తట్టింది.

కాగితాల మూలల్లో చిన్న బూడిదరంగు గీత ఒకటి కనిపిస్తూ వచ్చింది. మైనం కాచిన పొయ్యి మసి అనుకుని పట్టించుకోలేదు.

రెండు రోజులు పట్టింది. రెండోరోజు ఎండ వాలకముందే అక్క సమాధి దగ్గరికి చేరాం. జనం కిక్కిరిశారు. తెర వెనకాల బూట్లు కెప్టెనువి, అయితే లోపలున్నది కెప్టెను కాదని అప్పటికే తేలింది. ఒకటే కాగితం మిగిలింది. నా ఆత్రం కథ కోసం కాదు. ఇది చదివితే అక్క వస్తుంది. ఆఖరి పువ్వు విప్పాను.

మూలలో అదే గీత. ఎండలో పెట్టి చూశాను. మసి కాదు, పెన్సిలు. దాని కింద, మైనం వల్ల ఇంకా నల్లగా తేలి, మా అక్క దస్తూరీ: "నోటరీయే అని నేను నలభయ్యో పేజీలోనే అనుకున్నాను."

నాకు తెలియనిదేం కాదు, తెలిసీ మరిచిపోయాను. ప్రతి మూటలోనూ కొన్ని పుస్తకాలు అక్క ముందే ఇంట్లో చదివి పెట్టుకునేది. ముందేం జరగబోతోందో తెలియనిదే గొంతులు ఎలా పెడతానే, అనేది. చదివిన ప్రతి కాగితానికీ ఒక గీత పెట్టేది. ఈ మూట వచ్చిన జనవరిలోనే, దుప్పటి కప్పుకుని, దగ్గుతూ, ఇది మొత్తం చదివేసిందన్నమాట.

ఊళ్ళో అందరి పెద్దలూ కథ ఏమైందో తెలియక వస్తున్నారు. మా అక్కకి తెలుసు. ఆవిడకి నన్ను అడగాల్సింది ఏమీ లేదు. అందుకు రాలేదు. అలక లేదు, కోపం లేదు, నాతో పని లేదు.

ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను. దానికంటే ఎక్కువ కోపమొచ్చింది.

"చదువు కోమాద్రె, ఎండ పోతోంది!" అంది హెర్లిందా.

కాగితంలో ఉన్నదేమిటంటే, వితంతువు కనిపెట్టి గిన్నెలు మార్చేసింది, నోటరీ తన విషం తనే తాగి, దస్తావేజు మీదే తల వాల్చేశాడు. నేను కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, గొంతెత్తి, ఒక్కో మాటా విడమరిచి చదివాను.

"అప్పుడు వంటమనిషి లోపలికి వచ్చి, 'క్షమించండమ్మా, గిన్నె సబ్బుతో కడిగి నీళ్ళతో తొలవడం మరిచిపోయాను, విషం కాదు, సబ్బు' అంది. అందరూ నవ్వుకున్నారు. నోటరీ చాలా మంచివాడు. అతను గురువారం నాడు తన ఊరికి వెళ్ళిపోయాడు. సమాప్తం."

గొడుగులన్నీ ఒక్కసారి నావైపు వంగాయి.

"సబ్బా?" అన్నాడు ఫిదెన్సియో గోడమీంచి.

"సబ్బు. ఇక్కడ రాసుంది."

"రెండు రోజులు సబ్బు కోసం తిప్పావా మమ్మల్ని?" అంది హెర్లిందా. నేను పువ్వు మడిచి, తీగ బిగించి, అక్క దండలో గుచ్చి, వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఊళ్ళో ఒక్కరూ ప్రశాంతంగా ఒక కునుకు తియ్యలేకపోయారట. వుల్ఫ్రానో మంచం కోళ్ళు పట్టుకుని ఊపాడట. చెవిటి అమ్మమ్మ నికనోరా జుట్టు పట్టుకుందట. కవలలు జీవితంలో, అంటే చావులో, మొదటిసారి ఏకమై తిట్టారట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. నేను బూట్లు కూడా విప్పకుండా నా మంచం మీద పడుకుని ఉన్నాను. కళ్ళు మూతపడ్డాయో లేదో, వంటింటి తలుపు దఢాలుమంది.

ఏప్రను కట్టుకుని ఉంది. కళ్ళజోడు నెత్తిమీద ఉంది. చేతిలో గరిటె ఉంది.

"సబ్బేమిటే, మొద్దూ! ఏ పేజీలో ఉందే సబ్బు? వంటమనిషిని డెబ్భయ్యో పేజీలోనే పనిలోంచి తీసేశారు కదే! తీసేసిన మనిషి మళ్ళీ లోపలికెలా వచ్చింది? నోటరీ మంచివాడా? గురువారమా? ఎన్నిసార్లు చెప్పాలే నీకు, బుధవారమని!"

అక్క గరిటె ఊపుతూనే ఉంది.

"నోరు తెరువు! ఊరందరి ముందు ఇరవై ఆరేళ్ళ నా పరువు తీశావు కదే. కుర్చీ ఎందుకు ఖాళీగా పెట్టావు? చదివేదానివి నువ్వు కూర్చోవాలి గానీ దుమ్ము కూర్చోవాలా దాంట్లో?"

"నువ్వు రాలేదు" అన్నాను. "ఏడు నెలలు. అందరివాళ్ళూ వచ్చారు. నువ్వు రాలేదు."

గరిటె ఆగింది. మంచం పట్టె మీద కూర్చుంది. కళ్ళజోడు కిందికి దించుకుని నన్ను చూసింది, తప్పొప్పులు దిద్దే పేజీని చూసినట్టే.

"అన్నీ చెప్పేశాననుకున్నానే" అంది. గరిటె పక్కన పెట్టి, "సరేలే. మొదలెట్టు. చివరి పేజీ. నోటరీ గొంతు ముక్కుతో పలకాలి" అంది.

మూడుసార్లు చెప్పించింది. మూడోసారికి ఫరవాలేదంది. ఊళ్ళోవాళ్ళు తలుపు బాదడం మొదలుపెట్టేదాకా నా చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది.

లేచి వెళ్ళి ఉన్నదున్నట్టు చదివి వచ్చాను, నోటరీకి ముక్కు గొంతుతో సహా. కళ్ళజోడు తేలేదు, నిన్న పొరబడ్డాను అని చెప్పాను. ఊళ్ళోవాళ్ళు నమ్మారు. చనిపోయినవాళ్ళు తృప్తిపడి ఎక్కడివాళ్ళక్కడ సర్దుకున్నారు. వుల్ఫ్రానో ఆఖరిసారి వచ్చి, గిన్నెలు మార్చడం భలేగా ఉందని మెచ్చుకుని వెళ్ళాడట.

ఆ సాయంత్రం పనిశాల తలుపులు మూసి, మిగిలిన పుస్తకాల మూట విప్పి, ఒక్కొక్కటే దీపం దగ్గర పెట్టి మూలలు చూశాను. పన్నెండు పుస్తకాలున్నాయి. మూడింట్లో పెన్సిలు గీతలున్నాయి. మిగతా తొమ్మిదీ నికనోరాకి ఇచ్చేశాను, కుర్చీలో కూర్చుని సుబ్బరంగా చదువుకోమని. ఆ మూడూ గుడ్డలో చుట్టి నా మంచం కింద పెట్టుకున్నాను. ఏడాదికి ఒకటి చొప్పున తీస్తాను, చివరి పేజీ ఒక్కటీ నేనే చదువుతాను, నాకు తోచినట్టు. మూడేళ్ళు వస్తాయి.